చెంచాలు లేని రాజుగారి విందు

మా కాలనీ ఆడవాళ్లలో కాశీ వెళ్లొచ్చినవాళ్లున్నారు, దుబాయ్ చూసొచ్చినవాళ్లున్నారు, మోకాళ్ల నొప్పులంటూనే కేదారం ఎక్కి దిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెబుతుంటే వింటూ ఉంటాను. నేను మాత్రం ఈ ఏడాదిన్నరలో ఆఫీసుకీ, ఆసుపత్రికీ, కూరగాయల బండి దగ్గరికీ తప్ప ఎక్కడికీ పోలేదు. పోయిన ఒకే ఒక్క చోటు గురించి రాస్తున్నాను. లింగంపల్లి నుంచి హైటెక్ సిటీ దాకా కారులో, అక్కడి నుంచి లిఫ్టులో ఏడెనిమిది వందల ఏళ్లు వెనక్కి. దూరం ఏమంత లేదు గాని, ఇంత అలిసిపోయిన ప్రయాణం నా జన్మలో చెయ్యలేదు.

లింగంపల్లి

మావారు ప్రకాశరావుగారికి ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల కాలు తిరిగి వచ్చింది, మాట తిరిగి వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఇంటికెవరైనా వస్తే సోఫాలో దిండు కింద దాచేస్తారు. ఎడమచేత్తో చెంచా పట్టడం నేర్చుకున్నారు గాని, ఎవరి ముందూ తినరు. నా ముందు కూడా తినరు. కంచం పడకగదిలో పెట్టి నేను బయటికి వచ్చెయ్యాలి, తలుపు దగ్గరికి వేసెయ్యాలి, పిలిచాక వెళ్లి ఖాళీ కంచం తెచ్చుకోవాలి.

మాది తణుకు వైపు. పెళ్లిళ్లలో ఈయన బంతిలో కూర్చుంటే పక్కవాళ్ల విస్తరి ఖాళీగా ఉండనిచ్చేవారు కాదు. "ఆ బూరె ఇంకోటి వెయ్యండి ఆయనకి" అని వడ్డించేవాళ్లని కేకేసి మరీ వేయించేవారు. అలాంటి మనిషి ఎడమచెయ్యి అన్నంలో పెట్టాలంటే చచ్చిపోయినట్టే. మా వైపు ఎడమచేత్తో చిల్లర ఇస్తేనే మొహం చిట్లిస్తారు, ఇక అన్నం మాట చెప్పాలా.

అందరూ నన్ను ఎంత ఓపికమ్మా నీకు అంటారు. ఓపికా కాదు, పాడూ కాదు, వేరే దారి లేక. పొద్దున్నే లేచి వండి, ఆయనకి స్నానం చేయించి, ఆఫీసుకి పోయి, వచ్చి మళ్లీ వండి, వంటింటి గట్టు దగ్గర నిలబడి నాలుగు మెతుకులు మింగి పడుకుంటాను. పనికి నేను భయపడను. ఎదురుగా మనిషి లేకుండా తినడమే నాకు చేతకావడం లేదు. ఒక్క పూట ఆయన నా ఎదురుగా కూర్చుని తింటే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

అలాంటి సమయంలో మా ఆడపడుచు కూతురు మౌనిక ఫోన్ చేసింది. హైటెక్ సిటీలో ఉద్యోగం దానిది. "అత్తా, ఇక్కడొక రెస్టారెంట్‌లో పాతకాలం ఇంగ్లీషు రాజుల విందు చేస్తున్నారు. ఆఫీసులో రెండు టికెట్లిచ్చారు. నాకు ఆ రోజు షిఫ్టు. నువ్వూ మావయ్యా వెళ్లండి" అంది.

వద్దనబోయి ఆగాను. ఇంగ్లీషు వాళ్లంటే ఫోర్కులు, చాకులు, ఒళ్లో తెల్లగుడ్డలు. పైగా ఇంగ్లీషు మర్యాదలో ఫోర్కు పట్టేది ఎడమచేత్తోనే. మా ఆఫీసు ట్రైనింగులో ఎవరో చెప్పారు ఆ ముక్క. ఆ మాటే ఆయనకి చెప్పాను. "అక్కడ ఎడమచెయ్యే సరైన చెయ్యండీ. మిమ్మల్ని ఎవరు చూస్తారు?" అన్నాను.

మూడో రోజు పొద్దున, "ఆ మీగడ రంగు చొక్కా ఇస్త్రీకి ఇయ్యి" అన్నారు. ఆ రాత్రి మూసిన తలుపు వెనక నుంచి కంచం మీద ఫోర్కు గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎప్పుడో ఎవరో బహుమతిగా ఇచ్చిన సెట్టులోంచి తీసుకున్నట్టున్నారు. సాధన చేస్తున్నారు. నేను వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను.

కొత్తగూడ దగ్గర

లోకల్ రైలు ఎక్కుదామనుకున్నాను గాని స్టేషన్‌లో అన్ని మెట్లు ఆయన ఎక్కలేరు. క్యాబ్ మాట్లాడాను. శుక్రవారం సాయంత్రం, కొండాపూర్ దాటేసరికే బండి నడక మానేసింది. కొత్తగూడ ఫ్లైఓవర్ మొదట్లో నిలబడిపోయాం. పక్కన ఒక కంపెనీ బస్సు. కిటికీ అద్దాలకు తలలు ఆనించి పిల్లలు నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు. మా మౌనిక వయసు వాళ్లే. నాకన్నా అలిసిపోయిన మొహాలు కూడా ఉంటాయని అప్పుడు తెలిసింది.

డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూసి, "ఏడికి మేడం, ఫంక్షనా?" అన్నాడు.

"రాజుగారి కోటకి" అన్నాను.

"గోల్కొండకా? మ్యాప్‌ల హైటెక్ సిటీ చూపిస్తుంది గదా. హైటెక్ సిటీల కోట ఏడిది మేడం?"

"నాలుగో అంతస్తులో ఉందిటయ్యా" అన్నారు మావారు. ఆయన హాస్యమాడి ఎన్నాళ్లయిందో. డ్రైవరు నవ్వి, "ఇగ కోటలు సుత కిరాయికి దొరుకుతున్నయన్నట్టు" అన్నాడు.

ఆయన కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం మోకాలి మీద మెల్లిగా కదులుతోంది. ఫోర్కు పట్టినట్టు వేళ్లు ముడిచి, గుచ్చి, పైకెత్తి. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నాలుగో అంతస్తులో కోట

కింద జిమ్ము, పైన దంతాల డాక్టరు, ఆ పైన కోట. లిఫ్టు తలుపు తెరుచుకోగానే థర్మకోల్ రాళ్ల గోడలు, దీపాల్లాగా వెలిగే బల్బులు, ఎముకలు కొరికే ఏసీ. నేలదాకా గౌను, మీద ఏప్రను వేసుకున్న ఒక నడివయసు ఆవిడ మాకు అట్టముక్కతో చేసిన కిరీటాలు పెట్టి, "దయచేయండి ప్రభూ, దయచేయండి దొరసానీ" అంది. వెంటనే గొంతు తగ్గించి, "చెప్పులు తియ్యక్కర్లేదండి. అందరూ గుమ్మంలో తీసేస్తున్నారు" అంది. మేమూ అప్పటికే ఒక్కో కాలివి తీసేశాం.

లోపల పొడుగాటి బల్లలు, బెంచీలు. మా ఎదురుగా నార్సింగి నుంచి వచ్చిన భార్యాభర్తలు కూర్చున్నారు, సత్తెమ్మ, బాలయ్య. అరవై దాటిన మనుషులు. వాళ్ల పెళ్లిరోజని అల్లుడు టికెట్లు కొని పంపాడట. ఆ టికెట్ ధర విని నాకు గుండె ఆగినంత పనైంది. మా ఇంట్లో నెల రోజుల కూరలు వస్తాయి దాంతో.

బాలయ్య కిరీటం సర్దుకుంటూ, "ఏం జమానా వచ్చింది సారూ. మా నాయిన వాళ్లు దొరలను ఎల్లగొట్టిన్రు. ఇప్పుడు మేము పైసలిచ్చి దొరలమైతున్నం" అన్నాడు.

"నువ్వేం దొరవు? కిరీటం జారి ముక్కు మీదికొస్తుంది" అంది సత్తెమ్మ.

మావారు నవ్వారు. ప్రయాణం బాగానే మొదలైందనుకున్నాను.

అప్పుడు గంట మోగింది. మఖమల్ అంగీ వేసుకున్న లావుపాటి రాజు బల్లల మధ్యకి వచ్చాడు. పెట్టుడు గడ్డం, చేతిలో మైకు. ఇంగ్లీషు రాజే గాని మాట మాత్రం మన నాటకాల రాజుది. "ఓ ప్రియ ప్రజలారా, మా రాజ్యమునకు వెల్‌కమ్" అని మొదలుపెట్టి ఏవేవో చెప్పి, చివరికి అన్నాడు: "మా కాలంలో ఫోర్కు ఇంకా బల్ల మీదికి రాలేదు. ఈ సాయంత్రం ఎవ్వరికీ ఫోర్కు లేదు, చెంచా లేదు. చేతులతోనే భుజించాలి. చెంచా అడిగినవారికి రాజదండన."

హాలంతా ఈలలు, కేకలు. చేత్తో తినమని చెప్పినందుకు తెలుగువాళ్లు అంత సంబరపడటం నేనెక్కడా చూడలేదు.

మావారు నా వైపు తిరిగారు.

"తెలిసే తీసుకొచ్చావా?" అన్నారు.

"నాకేం తెలుసండీ? ఆ రాజుల వంటింట్లో నేనేమన్నా పనిచేశానా?" అన్నాను. కాస్త కటువుగానే వచ్చింది. అలిసిన నోటికి అదుపుండదు. ఇంగ్లీషు వాళ్లు పుట్టినప్పటి నుంచీ ఫోర్కుతోనే తింటున్నారని అనుకున్నది నేనే. ఆ మాట నమ్మి సాధన చేసింది ఆయన. ఇప్పుడీ మనిషి లేచి వెళ్లిపోతే ఇక ఇల్లు కదలడు, ఆ తలుపు ఇక తెరుచుకోదు, నేను చచ్చేదాకా ఆ వంటింటి గట్టు దగ్గరే తినాలి. ఇదే తిరుగుతోంది నా బుర్రలో.

పళ్లెం, బిందె, పలక

ఏప్రను ఆవిడ ఒక చిన్న ఇత్తడి బిందె, పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వస్తోంది. విందుకు ముందు బల్ల దగ్గరే చేతులు కడగడం ఆ రాజుల మర్యాదట. గులాబీ నీళ్లు.

"మా తాత కాలంల ఇంటికి సుట్టాలొస్తె గిట్లనే చెంబుతోని నీళ్లిద్దురు" అంది సత్తెమ్మ చేతులు చాపుతూ.

మావారు ఎడమచెయ్యి ఒక్కటే చాపారు. ఆవిడ నీళ్లు పోసి, బిందె అలాగే పట్టుకుని నిలబడింది. "ఆ చెయ్యి కూడా ఇవ్వండి" అంది.

"చాలమ్మా" అన్నారు.

ఆవిడ వెళ్లిపోయింది. సత్తెమ్మ ఆయన జేబు వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

తర్వాత తిండి వచ్చింది. కంచాలు లేవు. ఇద్దరికి కలిపి ఒక చెక్కపలక. దాని మీద మూరెడు గుండ్రటి రొట్టె, తొడతో సహా కాల్చిన సగం కోడి, ఉడికించిన క్యారెట్లు, క్యాబేజీ, ఒక గిన్నెలో చిక్కటి బఠాణీ సూపు. సూపు గిన్నెత్తి తాగాలట. తగరపు లోటాల్లో ద్రాక్షరసం.

"ఇద్దరికి ఒకటే పలకనా? ఎంగిలి గాదా?" అన్నాడు బాలయ్య.

"నీ ఎంగిలి నేను తిననా, నలభై ఏండ్లాయె" అంది సత్తెమ్మ. కోడి ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టింది. ఏప్రను ఆవిడని పిలిచి, "అక్కా, గిట్ల సప్పగ ఎట్ల తింటరు? జర కారం తెస్తవా?" అని అడిగింది.

"ఆ కాలంలో మిరపకాయ ఇంకా వాళ్ల దేశానికి రాలేదండి. అందుకే మిరియాలే వేస్తాం" అంది ఆవిడ.

"పాపం, గట్లెట్ల బతికిన్రో ఏమో" అంది సత్తెమ్మ. నిజంగానే జాలిపడింది.

మా పలక మాత్రం వచ్చినది వచ్చినట్టే ఉంది. "ఆకలి లేదు, నువ్వు తిను" అన్నారు ఆయన. చిన్న ముక్క తుంచి ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్లాను. తల పక్కకి తిప్పుకున్నారు. "పదిమందిలో నాకు తినిపిస్తావా?" అన్నారు, పళ్లు బిగించి.

ఇక లాభం లేదని ఏప్రను ఆవిడని సైగ చేసి పిలిచాను. "అమ్మా, ఒక చెంచా ఉంటే ఎవరికీ కనపడకుండా తెచ్చిపెట్టు" అన్నాను. ఆవిడ మంచి మనిషి. గుడ్డలో చుట్టి తెచ్చింది. నేను తీసుకోబోతుంటే అది జారి బెంచీకి తగిలి ఠంగుమని కిందపడింది.

రాజదండన

రాజు గంట వాయించుకుంటూ రానే వచ్చాడు. వంగి చెంచా తీసి అందరికీ కనిపించేలా పైకెత్తాడు. "ద్రోహం, మహాద్రోహం. ఈ చెంచా ఎవరిది?"

హాలంతా మా బల్ల వైపు తిరిగింది. కొందరు ఫోన్లు ఎత్తారు.

"నాదే" అన్నాను.

"దొరసానీ, బెంచీ ఎక్కి నిలబడి రాజుకి మూడుసార్లు క్షమాపణ చెప్పాలి."

"బెంచీ ఎక్కలేను బాబూ, మోకాళ్లు" అన్నాను. అందరూ నవ్వారు. దాంట్లో నవ్వడానికేముందో నాకర్థం కాలేదు. అతనూ తన ఉద్యోగం తను చేస్తున్నాడు. నేనే లేచి నిలబడ్డాను. క్షమాపణే కదా, ఏడాదిన్నరగా ఆఫీసులో ఆలస్యానికి రోజూ చెబుతున్నదే. తొందరగా చెప్పేసి కూర్చుందామనిపించింది. "క్షమించండి మహారాజా" అన్నాను ఒకసారి. అలసటకి ఒళ్లు తూలి బల్ల అంచు పట్టుకున్నాను.

"కూర్చో, వసుంధరా" అన్నారు మావారు.

పెద్దగా అనలేదు. కానీ అన్నారు. ఎడమచెయ్యి జేబు దగ్గరికి పోనిచ్చి కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని బయటికి లాగి, తెచ్చి బల్ల మీద పెట్టారు. వేళ్లు ముడుచుకుపోయి, సన్నబడిపోయి ఉన్న చెయ్యి. ఏడాదిన్నరలో ఆయన దాన్ని నలుగురి ముందు పెట్టడం అదే మొదలు.

"చెంచా ఆవిడకి కాదు, నాకు. ఈ చెయ్యి పనిచెయ్యదు" అన్నారు రాజుతో.

రాజు మైకు దించేశాడు. కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. గడ్డం వెనక నుంచి మామూలు మనిషి గొంతుతో, "సారీ సార్, నాకు తెలవదు" అని చెంచా ఆయన ముందు పెట్టాడు. ఫోన్లు దిగిపోయాయి.

ఆయన చెంచా వైపు చూశారు, నా వైపు చూశారు. చెంచాని పక్కకి జరిపి ఎడమచెయ్యి పలకలో పెట్టారు.

"అన్నా, ఎడమ..." అంది సత్తెమ్మ అలవాటు కొద్దీ, అని నాలుక కరుచుకుంది. నాకూ లోపల అదే మాట వచ్చింది. ఎంత వద్దనుకున్నా పుట్టినప్పటి నుంచీ నేర్చిన మాట అది, నోటి దాకా వచ్చి ఆగింది.

"ఎడమే ఉందమ్మా మిగిలింది" అన్నారు ఆయన.

ఇంతలో హాలు మధ్యలో చెక్క కత్తులతో ఇద్దరు యుద్ధం మొదలుపెట్టారు. రాజు తొందరపెట్టి ముందే మొదలుపెట్టించాడని నా అనుమానం. అందరి కళ్లూ అటు పోయాయి. ఎవరి ఎడమచెయ్యి ఎవరికి కావాలి?

కోడిని ఎలాగో తుంచుకున్నారు. రొట్టె దగ్గర చిక్కొచ్చింది. ఆ రొట్టె మన చపాతీ కాదు, పైన బెరడు గట్టిగా ఉంది. ఒంటిచేత్తో లాగితే పలకంతా తిరుగుతోంది. అటుకొస నేను పట్టుకున్నాను, ఇటుకొస ఆయన లాగారు. తెగింది. పెద్ద ముక్క నా వైపే ఉండిపోయింది. చిన్నదాన్ని సూపులో ముంచుకుని తిన్నారు. గడ్డం మీదా, మీగడ రంగు చొక్కా మీదా సూపు కారింది. తుడవాలని చెయ్యి లేచింది గాని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

"ఎన్నడైంది అన్నా గిట్ల?" అని అడిగింది సత్తెమ్మ. మాకు తెలిసినవాళ్లెవరూ ఆయన్ని సూటిగా అడగరు, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి గుసగుసగా అడుగుతారు. ఆయన మొదటి నుంచీ చెప్పుకొచ్చారు. స్నానాల గదిలో పడిపోవడం, అంబులెన్సు మా గేటు దాటి ముందుకెళ్లిపోవడం, ఆసుపత్రిలో పేరడిగితే నోరు తిరగకపోవడం. బాలయ్య మధ్యమధ్యలో "అరె, పరేషాన్ గాదా మరి" అంటున్నాడు. చెబుతూనే తింటున్నారు, తింటూనే చెబుతున్నారు. నేనూ తిన్నాను. చప్పగా ఉంది. కోడి చల్లారిపోయింది. ఇంత హాయిగా తిని ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు.

వెళ్లేటప్పుడు సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మంచిగ కారం వేసి వండి పెట్టు అన్నకు. గీ తిండికి ఉన్న చెయ్యి సుత పడిపోతది" అంది. మావారు పెద్దగా నవ్వారు. అందులో అంత నవ్వేముందని నాకు కోపం వచ్చింది, తర్వాత నాకూ నవ్వొచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం కారులో నిద్రపోయాం. దిగాక వాచ్‌మన్ మా నెత్తుల వైపు వింతగా చూస్తుంటే అప్పుడు తెలిసింది, కిరీటాలు తియ్యలేదని.

మర్నాడు

రెండో శనివారం, ఆఫీసు లేదు. ముద్దపప్పు, దొండకాయ వేపుడు చేశాను. నిజం చెప్పొద్దూ, బల్ల మీద రెండు కంచాలు పెట్టాను. ఆయన వచ్చారు, బల్లనీ కంచాలనీ చూశారు. తన కంచం ఎడమచేత్తో తీసుకుని నెమ్మదిగా పడకగదిలోకి వెళ్లిపోయారు.

నాకు కోపం కూడా రాలేదు. అంత ఓపిక లేదు. ఒక్క సాయంత్రంతో అన్నీ మారిపోతాయని ఎవరు చెప్పారు నీకు, అని నన్ను నేనే తిట్టుకున్నాను. నా కంచం తీసుకుని వంటింటి గట్టు వైపు నడుస్తుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"నీది కూడా ఇటే తెచ్చుకో."

తీసుకెళ్లాను. ఆయన మంచం మీద, నేను ఎదురుగా కుర్చీలో. చెంచాతోనే తిన్నారు. నేను చూస్తున్నానేమోనని మొదట్లో తల వంచుకునే తిన్నారు, నేనూ నా కంచం వైపే చూస్తూ తిన్నాను. సగం అయ్యాక తలెత్తి, "పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నారు.

ఏడాదిన్నరగా నా వంట గురించి ఆయన మంచీ చెడూ ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి ఉప్పుడబ్బా తెచ్చి, ఆయన కంచంలో కాస్త, నా కంచంలో కాస్త వేసి, మళ్లీ ఆయనకెదురుగా కూర్చున్నాను.